రెండూ ఎడమవే

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. పంతొమ్మిదేళ్ల వయసు, చేతిలో ఫోను, ఫోను నిండా చెప్పులు తయారుచేసే వీడియోలు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అన్నీ తెలిసిన ముఖం వేసుకుని కూర్చుంటే ఒళ్లు మండుతుంది. ఈ ముఖం ఎక్కడో చూశానే అని మరుక్షణమే గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. అయినా సరే, ఆరోజు జరిగినదానిలో తప్పంతా నాదేనంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మొత్తం చెబుతాను, తీర్పు మీరే ఇవ్వండి.

మాది సిరిసిల్ల. బాపు సాంచాలు నడిపేవాడు (కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు). పొద్దంతా వాటి మధ్య నిలబడే పని, సాయంత్రానికి అరికాళ్లు నిప్పులు. నేను ఇంటర్ అయ్యాక ఆయన సాంచాలకు నూలు కండెలు చుట్టి ఇస్తూ కూర్చునేదాన్ని. జగిత్యాలలో ఆరు నెలలు చెప్పుల డిజైన్ నేర్పిస్తారని తెలిసి, పోతానంటే పోతానని పట్టుబట్టాను. "నేసేటోళ్ల పిల్ల చెప్పులు కుట్టుడేందే?" అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు, తామంతా ఉత్త కాళ్లతో తిరుగుతున్నట్టు! బాపు ఒక్కడే "పోనియ్యుండ్రి. పాసైతే గదే పని జేస్కుంటది. కాకపోతే కండెలు యాడికి పోతయి, ఈడనే ఉంటయి" అన్నాడు. అది దీవెనో బెదిరింపో నాకు అర్థం కాలేదు. ఫెయిలై మళ్లీ కండెల ముందు కూర్చోవడం మాత్రం నా వల్ల కాదని అర్థమైంది.

జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకున్నాను. ఆఖరి నెలలో మాకు అసలు పరీక్ష. ఒక్కొక్కరు ఒక నిజమైన మనిషిని ఎంచుకుని, పాదం కొలిచి, బొమ్మ గీసి, అట్టతో నమూనా కోసి, తోలు కోసి, కుట్టి, అడుగు అతికించి, జత పూర్తిచేయాలి. చివరి రోజున ఆ మనిషే వచ్చి, బయటి నుంచి వచ్చే పరీక్ష సారు ముందు వాటిని తొడుక్కుని నడవాలి. నేను బాపును ఎంచుకున్నాను. కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు తిప్పుతుంటే "కితకితలైతున్నయే" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. బొటనవేలి దగ్గర మొదలై ఏటవాలుగా చీలమండ దాకా పోయే ఒకే ఒక్క వెడల్పు పట్టీ, కింద మెత్తటి అడుగు, ఇదీ నా డిజైన్. బొమ్మ చూసి మా క్లాసు సారు భుజం తట్టాడు, నా తలపొగరు ఇంకాస్త పెరిగింది.

తయారీకి మమ్మల్ని తలా ఒక పనివాడి దగ్గరికి పంపారు. నాకు కోరుట్ల చాచా దొరికాడు. దుబాయి నుంచి తెచ్చుకున్న ఖరీదైన బూట్ల అడుగులు ఊడితే ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేది. కోపం వస్తే ఉర్దూలో తిట్టి, తర్వాత తెలుగులో బుజ్జగించేవాడు. ముందు రబ్బరు అడుగులు కోశాను. ఎడమ నమూనాతో ఒకటి కోసి, రెండోదాన్ని కూడా అలాగే కోసి తిప్పేస్తే కుడిది సిద్ధం. ఇంత తేలికైన పనికి ఆరు నెలలా అనుకున్నాను. చాచా ఒక మంచి గోధుమరంగు తోలు ముక్క తీసి నా ముందు పెట్టాడు. "గీ రకం గిదొక్కటే ఉన్నది బేటీ. జల్దీ చెయ్యకు. ఒక్కొక్కటే కొయ్యి" అని చెప్పి నమాజుకు వెళ్లాడు.

ఒక్కొక్కటా? మా ఊళ్లో బట్టను ఎవరైనా ఒక్కొక్కటి కోస్తారా? పొరలు పేర్చి ఒకేసారి కోస్తారు. పైగా నేను పుట్టిందగ్గర్నుంచి చూసిన గుడ్డ, ఎటు తిప్పినా ఒకటే. దానికి ముందూ వెనకా అనేది లేదు. తోలును రెండు ముక్కలు చేసి, నున్నటి వైపు రెండూ పైకే వచ్చేలా ముచ్చటగా పేర్చి, నమూనా పెట్టి, పదునైన కత్తితో ఒకే గీతలో కోసేశాను. నా పనితనం నాకే ముద్దొచ్చింది.

చాచా వచ్చి ఒక పట్టీని ఎడమ ఫర్మాకు (పాదం ఆకారంలో చెక్కిన చెక్క) చుట్టాడు, చక్కగా కూర్చుంది. రెండోదాన్ని కుడి ఫర్మాకు చుట్టబోయి ఆగిపోయాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"యే క్యా కియా బేటీ? మీ బాపుకు రెండూ ఎడమ కాళ్లేనా?"

"తిప్పితే కుడిదైతది గద చాచా!"

"అయితది. నునుపు లోపలికి పోతది, గరుకు మీదికొస్తది. తోలు గిది, మీ సాంచా గుడ్డ కాదు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "గా ముక్క ముందుగాల్నే చెప్పద్దా?"

"ఒక్కొక్కటే కొయ్యమని చెప్పిన."

"ఎందుకో చెప్పలే గద!"

"నలబై ఏండ్ల సంది చెప్తున్న, ఎందుకని ఎవ్వలూ అడుగలే" అన్నాడు తాపీగా. చూశారా! అడగాలట! ఏం అడగాలో తెలిస్తే ఆ తోలు అలా ఎందుకు కోస్తాను? పరీక్ష మర్నాడే, ఆ రకం తోలు మరో ముక్క లేదు. చేసేదేంలేక రాత్రి చాచా వాళ్లింట్లోనే ఉండిపోయి, ఎడమది తళతళా, కుడిది గరగరా ఉండేట్టు జత కుట్టి, ఫోనులో బాపుకు జరిగిందంతా చెప్పి ఏడ్చాను.

మర్నాడు కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. బాపు ఆ జత తొడుక్కుని నడవడం మొదలుపెట్టాక, పరీక్ష సారు "రెండూ రెండు రకాలున్నాయేంటమ్మా?" అనగానే, తడుముకోకుండా "అదే కాన్సెప్ట్ సార్. నునుపు సుఖం, గరుకు కష్టం. మనిషి రెంటి మీదా నడవాలి" అన్నాను. సారు కళ్లు పెద్దవి చేసి "వెరీ గుడ్!" అని పెన్ను తీశాడు. పెన్ను కాగితానికి ఆనబోతోంది. గదిలో అటూ ఇటూ నడుస్తున్న బాపు టక్కున ఆగాడు.

"సుఖం లేదు, కష్టం లేదు సారూ. మా బిడ్డ తోలు తప్పు కోసింది. రెండూ ఎడమవే కోసి ఒకటి తిప్పి కుట్టింది."

కన్నతండ్రండీ! గదంతా గొల్లుమంది. సారు కూడా నవ్వి, పెన్ను జేబులో పెట్టుకుని, వారంలోగా కుడిది సరిగ్గా చేసుకొస్తే అప్పుడు చూద్దామన్నాడు. నాకు కండెలు కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

సిరిసిల్ల బస్సులో వేములవాడ దాకా పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. అక్కడ ఇక ఆపుకోలేక "నీకెవలు చెప్పుమన్నరు? నీ నోరు ఊకుంటదా?" అని అరిచాను. "పోగు తెగిన సాంచాను నడిపిస్తనా బిడ్డా నేను?" అన్నాడు. ఈయనకు లోకమంతా సాంచాయే! ఇంతలో పక్క సీటులోని పెద్దమ్మ కిందికి చూసి "ఏందయ్యా, చెప్పులు రెండు తీర్లున్నయి?" అని అడిగింది. బాపు కాళ్లు రెండూ ముందుకు చాపాడు. "మా బిడ్డ కుట్టింది. పొద్దటి సంది నడుస్తున్న, కాళ్లు మండుతనే లేవు." నేను కిటికీ వైపు తిరిగిపోయాను. కోపం తగ్గిందని మాత్రం అనుకోకండి.

ఆ వారంలో చాచా ఎక్కడో వెతికి అదే రంగు తోలు తెచ్చాడు. ఈసారి ఒక్కొక్కటే కోశాను, నున్నటి కుడిది కుట్టాను, పాసయ్యాను. దాన్ని గర్వంగా తీసుకెళ్లి బాపు ముందు పెడితే, ఒకసారి కాలు పెట్టి చూసి తీసేశాడు. "మంచిగుంది గని, నాకు గా గరుకుదే అలవాటైంది" అన్నాడు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా వినలేదు.

ఆ నున్నటి కుడిచెప్పు ఇప్పుడు సిరిసిల్లలో నా షాపు అలమారలో ఉంది. మొన్న బాపు టీ తాగడానికి వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడు. అడుగులు రెండుసార్లు మార్చినా, పట్టీలు అవే. ఎడమదాని మెరుపు ఎప్పుడో పోయింది. కుడిదాని గరుకు అరిగి అరిగి నున్నబడింది. ఏది తిప్పి కుట్టానో నేను కూడా చేత్తో తడిమి చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల ఒకటి అలమార వైపు చూసి "అక్కా, గా ఒక్క చెప్పేంది? దాని జత ఏది?" అని అడిగింది.

దాని జత గడప దగ్గరే ఉందని నేను చెప్పబోయాను. తీరా చూస్తే, అక్కడున్న రెండూ ఒకదానికొకటి జతే. మిగిలింది నేను సరిగ్గా కోసిందే.