ఆఫ్రికా సముద్రానికి అక్కుపల్లిలో శాంపిల్

ఆఫ్రికా మొదట్నుంచీ నాది. టెక్కలి హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా సోషల్ చెబుతున్నాను. పుస్తకం చూడకుండా, సుద్దముక్క ఎత్తకుండా ఆ ఖండాన్ని బోర్డు మీద గీసేస్తాను. కిలిమంజారో ఎక్కడుందో, సింహాలు ఏ గడ్డి మైదానాల్లో తిరుగుతాయో పిల్లలకి కళ్లకు కట్టినట్టు చెప్పి, సాయంత్రం సైకిలెక్కి ఇంటికొస్తాను. అలాంటి ఆఫ్రికాకి మా తోడల్లుడు సూర్నారాయణ వెళ్తున్నాడు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. పటంలో ఆఫ్రికా చూపించమంటే ఇప్పటికీ ఆస్ట్రేలియా మీద వేలు పెడతాడు.

సూర్నారాయణకి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. మా ఉద్దానం తోటల్లో కాసే జీడిపిక్కలు చాలక, ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే పిక్కలు కూడా కొంటాడు. ఆ పిక్కలు కాసే దేశం చూడాలని, పనిలో పనిగా సింహాల్నీ చూసి రావాలని అతనికి బుద్ధి పుట్టింది. జంతువుల్ని చూశాక నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండొచ్చని విశాఖపట్నం ఏజెంటు చెప్పి, ఏ ఒడ్డో తేల్చుకోమని రెండు కాగితాలిచ్చాడట. ఒకటి జాంజిబార్ దీవి, రెండోది మొంబాసా తీరం. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మార్చి నెల మాట; ప్రయాణం మే నెల మొదటి వారంలో.

"సదువుకున్నోడివి, ఏ సముద్రమో నువ్వే తేల్సాల అన్నియ్యా. సోమారం డబ్బు కట్టేత్తన్నాను. మేలో అయితే సగం ధరకే ఇత్తన్నాడు" అని ఫోన్లో మురిసిపోయాడు.

ఎందుకివ్వడు? ఆ తీరమంతా ఏప్రిల్, మే నెలలు పెద్ద వానల కాలం. మే అంటే మనకి రోళ్లు పగిలే ఎండ కాబట్టి లోకమంతా ఎండేననుకున్నాడు. పిక్కల బస్తా సగం ధరకి వస్తోందంటే పుచ్చుందేమోనని పది చోట్ల గుచ్చి చూసే మనిషి, సముద్రం సగం ధరకి వస్తుంటే ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు కుళ్లుదేనని ఒప్పుకుంటున్నాను.

నా భార్య వరలక్ష్మికి చెబితే ఆవిడ నవ్వలేదు. ఆ ఆదివారం పొద్దున నేను బయల్దేరుతుంటే, బెణికిన కాలికి కట్టుతో గుమ్మం దాకా వచ్చి ఒకటే మాటంది. "సూర్నారాయణ సంగతి నాకొద్దు. పద్మ నా సెల్లి. సూసి సెప్పండి."

ఇంతకీ ఆ ఆదివారం ప్రయాణం ఆఫ్రికాకి కాదు, అక్కుపల్లికి. అదీ సూర్నారాయణ ఆలోచనే. పిక్కల వ్యాపారంలో శాంపిల్ కోయకుండా ఎవరూ సరుకు కొనరు. బస్తాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి, నిలువునా కోసి, పప్పెంత, పుచ్చెంత అని చూసుకుని అప్పుడు బేరం మాట్లాడతారు. నాలుగు రోజుల సముద్రం కొనే ముందు ఒక పూట సముద్రం కోసి చూద్దామన్నాడు. పద్మ ఒడ్డున ఖాళీగా కూర్చోగలదో లేదో తేలాలట.

ఆరూ ఇరవైకి టెక్కలి కాంప్లెక్సులో పలాస బస్సెక్కాను. టికెట్టు పది రూపాయలు. కిటికీ పక్క సీటు దొరికింది గానీ అద్దం కిందికి దిగలేదు. నా పక్కనాయన ఒళ్లో పనసకాయ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందాకా మాస్టారూ?" అన్నాడు.

"అక్కుపల్లి. సముద్రానికి."

"సేపలకా?"

"కాదు, కూర్చోడానికి."

ఆయన పనసకాయని ఈ తొడ మీంచి ఆ తొడ మీదికి మార్చుకుని ఆలోచించాడు. "కూకోడానికి అంత దూరం ఎందుకు బావూ? ఇంటికాడ అరుగు నేదా?" అన్నాడు.

ఏడుంబావుకి కాశీబుగ్గలో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో పూరీ తిని, టీ తాగి బయటికొచ్చేసరికి సూర్నారాయణ కారు ఆగి ఉంది. కొత్త కారు. లోపల కూర్చుంటే మార్చి నెల బయటే ఉండిపోయింది. "ఏసీ ఎక్కువైతే సెప్పన్నియ్యా" అన్నాడు. ఎక్కువైంది. చెప్పలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, తోడల్లుడి కారు చలి కూడా అంతే.

వజ్రపుకొత్తూరు వైపు తిరిగాక దారికి రెండు పక్కలా కొబ్బరి, దాని కింద జీడితోటలు. పళ్లు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. అద్దం కాస్త దించితే ఆ పులిసిన తీపి వాసన కారు నిండా కమ్ముకుంది. ముందు సీట్లో కూర్చున్న పద్మ వెనక్కి తిరిగి, "బావా, అక్క కాలెలగుంది?" అని అడిగింది. ఆఫ్రికా ఊసు ఎత్తలేదు. ఆఫ్రికా గురించి మాట్లాడేది సూర్నారాయణ ఒక్కడే. అక్కడ జీపు పైకప్పు తెరుచుకుంటుందట, ఏనుగులు పక్కనుంచే వెళ్తాయట, పొద్దున్న డేరా దగ్గరికే కాఫీ తెస్తారట. నేను "అవును, తెలుసు" అంటూ వచ్చాను. నాకు నిజంగానే తెలుసు. అదే కదా నా ఏడుపు.

ఎనిమిదిన్నరకి అక్కుపల్లి చేరాం. ఊరు దాటి ఇసుకలో నడిస్తే తీరం. ఒడ్డుకి లాగి పెట్టిన పడవలు, ఆరేసిన వలలు, చేపలు ఎండబెట్టిన చాపలు. వచ్చేవాళ్లు గొడుగూ మంచినీళ్లూ తెచ్చుకోవాలి, ఒడ్డున దుకాణాలేమీ లేవు. సూర్నారాయణ ఒక పడవ నీడ చూసి చాప పరిచి, పద్మని కూర్చోబెట్టి, వాచీ చూసుకున్నాడు.

"తొమ్మిది. పన్నెండు దాకా నెగకూడదు" అన్నాడు. లేవకూడదన్నమాట.

పద్మ నీళ్లకేసి తిరిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతుల గురించి చెప్పాలి. ఈ ఫ్యాక్టరీకి ముందు వాళ్లది పెరట్లో రేకుల పాక. పిక్కలు కాల్చేది సూర్నారాయణ, కొట్టి ఒలిచేది పద్మ. పిక్క పెంకులో ఉండే జీడినూనె అంటుకుంటే చర్మం కాలిపోతుంది. బూడిద రాసుకుని పదేళ్లు కొట్టింది. ఇప్పుడు కొట్టడానికి పాతికమంది ఉన్నా, ఆమె బొటనవేళ్ల నలుపు పోలేదు.

మొదటి అయిదు నిమిషాలు బాగానే కూర్చుంది. తర్వాత చాప మీది ఇసుక దులిపింది. కొంగుతో టిఫిన్ క్యారేజీ తుడిచింది. చుట్టూ ఉన్న పుల్లలు ఏరి కుప్ప పెట్టింది. తొమ్మిదీ పన్నెండుకి లేచేసింది.

కారణం ఉంది. కొద్ది దూరంలో పెద్ద వల లాగుతున్నారు. వల ఒక చివర తాడు ఈ గుంపు పట్టుకుంటే, రెండో చివర తాడు అల్లంత దూరంలో ఇంకో గుంపు పట్టుకుని లాగుతారు. ఈ గుంపులో జనం తక్కువయ్యారు. ఒక ముసలాయన మమ్మల్ని చూసి కేకేశాడు. "రండర్రా! తాడు ముట్టుకున్నోలకి పాలుంటాది!"

అది ఆ తీరం ఆచారం. ఎవరైనా సరే, తాడు మీద చెయ్యి వేస్తే చేపల్లో వాటా ఇస్తారు. పద్మ చీర బొడ్లో దోపి అప్పటికే సగం దూరం వెళ్లిపోయింది.

"శాంపిలు పోయింది!" అని సూర్నారాయణ నెత్తి కొట్టుకుని తానూ పరుగెత్తాడు. ఒక్కణ్ణే కూర్చుంటే బాగుండదని నేనూ వెళ్లాను. గంటకి పైగా లాగాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పద్మ ఆ ఊరి ఆడవాళ్లతో పాటు లయ తప్పకుండా లాగుతూనే ఉంది. వల ఒడ్డు చేరాక ముసలాయన పాళ్లు వేశాడు. పద్మకి వెడల్పాటి చందువ ఒకటి వచ్చింది. సూర్నారాయణకి దోసెడు రొయ్యలు. నాకు గుప్పెడు కవ్వళ్లు, వేలెడంత చేపలు. చివర్లో వచ్చినవాడి పాలు అంతేనట. చేపల్లో కూడా వీళ్లదే పైచెయ్యి.

పన్నెండుకి పులిహోర, పెరుగన్నం తిన్నాం. సూర్నారాయణ ఏజెంటు కాగితాలు తీసి చాప మీద పరిచాడు. రెండింటి మీదా నీలం నీళ్లు, తెల్ల ఇసుక, వాలిన కొబ్బరిచెట్లు.

"ఇది కూకోలేదన్నియ్యా. పన్నెండు నిమిసాలకే నెగిసిపోనాది. ఈ నాలుగు రోజులూ కొట్టేసి సింహాలే ఎక్కువ సూసొత్తాం" అన్నాడు.

పద్మ నాకేసి తిరిగింది. "బావా, ఇక్కడ నానెలగ కూకుంటాను? ఎదర మడుసులు రెక్కలిరిగేలా లాగతంటే, ఈ సేతులు ఊరుకుంటాయా? నన్నెవులూ ఎరగని సోట, నాకు పనేటీ నేని సోట ఒక్క నాలుగు రోజులు కూకోవాలనుంది. సింహాలు ఆయనకి. నాకు ఆ నాలుగు రోజులే సాలు." ఆ నల్ల బొటనవేలితో జాంజిబార్ కాగితం మీద ఇసుక తుడిచింది. "మే నెల్లో అక్కడ ఎండ బాగుంటాదా?"

ఇద్దరూ నా నోటికేసి చూస్తున్నారు. చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. కానీ ఆ కాగితం మీది నీలం రంగు చూస్తుంటే, పద్దెనిమిదేళ్లుగా నేను గీసి, గంట కొట్టగానే తుడిచేసిన పటాలన్నీ గుర్తొచ్చాయి.

"బాగుంటుంది. జాంజిబారే ఖాయం చేసుకోండి" అన్నాను.

"మా అన్నియ్య సెప్తే అడ్డేటుంది" అని సూర్నారాయణ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పద్మ నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఎలా నవ్వేదో అలా నవ్వింది.

మూడింటికి బయల్దేరి నాలుగింటికి కాశీబుగ్గ వచ్చేశాం. టెక్కలి దాకా దింపుతానన్నాడు గానీ, బస్సే నయమన్నాను. బస్సు కదిలే ముందు పద్మ కిటికీ దగ్గరికొచ్చి ఒక సంచి అందించింది. తాటాకులో చుట్టిన చందువ.

"అక్కకి సందువంటే పేణం. పులుసెట్టుకోమను" అంది.

"నీ పాలు కదమ్మా."

"నాకు నాలుగు రోజుల సముద్రం ఇప్పించినావు. ఇంకేటి కావాల?"

బస్సు నిండా జనం. నా పక్కన కూర్చున్న ముసలమ్మ దారిలో సంచి వాసన పట్టేసింది. "సందువా బావూ? ఎంత పోసి కొన్నావు?"

"కొనలేదు. మా మరదలిచ్చింది."

"అయ్యో! సందువ సేతికొత్తే ఎవులూ సేయి ఇడిసి ఇయ్యరు. బంగారం లాటి మరదలు. నువ్వేటిచ్చినావు?"

ఆవిడ మాట వరసకే అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆఫ్రికాలో ఒక గది, కిటికీ బయట ఎడతెగని వాన, లోపల మంచం మీద కూర్చుని దుప్పటి ముడతలు పదే పదే సరిచేస్తున్న పద్మ కనిపించింది. నేనిచ్చింది అదీ.

అయిదుంబావుకి టెక్కలిలో దిగి, ఇంటికి పోకుండా తిన్నగా ఎస్టీడీ బూత్‌కి వెళ్లాను. ఫోను సూర్నారాయణే ఎత్తాడు.

"మేలో వెళ్లకండి. అక్కడప్పుడు వానలు. అందుకే సగం ధర. దసరాకి వెళ్తే పొడిగా ఉంటుంది" అని గబగబా చెప్పేశాను.

"మజ్జానం బాగుంటాదన్నావు కదన్నియ్యా?"

"అబద్ధం చెప్పాను. కుళ్లుకున్నాను. ఆఫ్రికా నేను చూడాల్సింది."

అతను నవ్వలేదు, తిట్టలేదు. "నాకు తెల్దనుకున్నావా నీ కుళ్లు?" అని ఫోను పద్మకిచ్చాడు. ఆమె అంతా వింది కాబోలు, వాన సంగతి ఎత్తలేదు. నా కుళ్లు సంగతీ ఎత్తలేదు.

"బావా, అక్కడా వల లాగినోలు ఉంటారేటి?"

"ఉంటారమ్మా, సముద్రం ఉన్న చోట ఉండరా? కానీ నిన్నెవరూ పిలవరు. వాళ్లు లాగుతుంటే నువ్వు కూర్చుని చూడు."

అక్కుపల్లికి ఎవరైనా వెళ్లొచ్చు. మార్చి నెలైతే జీడిపళ్ల వాసన ఉంటుంది, పొద్దున్నే వెళ్తే పెద్ద వల చూడొచ్చు. తాడు ముందుగా పట్టుకోవాలి. చివర్లో వెళ్తే గుప్పెడు కవ్వళ్లే.

సంచి పట్టుకుని ఇంటికి నడిచాను. దసరాకి వాళ్లిద్దరూ వెళ్తారు. అక్కడ ఎండ కాస్తుంది. పద్మ కూర్చుంటుంది. ఆ ఎండ నా చేతులారా నేనే ఇచ్చాను, అయినా కడుపు మండుతూనే ఉంది.