వదిన అడిగిన గాలి

పోయిన శుక్రవారం, ఈ అరబ్బుల దేశంలో, హమ్రియాలోని మా రూములో భోంచేసి నడుం వాల్చానో లేదో, మా చెల్లెలి కూతురు ఫోనులో ఏదో కొరియా వాళ్ళ దయ్యం సినిమా పెట్టింది. ఆడపిల్లల బడి, పొడుగాటి వరండా, దాని చివర జుట్టు ముఖమ్మీద వేసుకుని యూనిఫాంలో నిలబడ్డ ఒక పిల్ల. వారమంతా పార్లరులో నిలువుకాళ్ళ మీద డ్యూటీ చేసే మనిషి సెలవురోజు సరదాపడుతుంటే కాదనకూడదు గానీ, ఆ దిక్కుమాలిన బొమ్మ ఆపమని కసిరేశాను. "ఏం పెద్దమ్మా, ఈ వయసులో దయ్యాలకు భయపడతాండావా?" అని నవ్వింది. నాకు కడుపు మండిపోయింది.

నా ఈడు వాళ్ళలో హాస్టళ్ళలో చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, నీళ్ళపప్పూ పురుగుల ఉప్మా ఉన్నట్టే ప్రతి హాస్టల్లోనూ ఒక దయ్యం ఉండేది. కడప జిల్లాలో మేం చదివిన ఆడపిల్లల బడిలోనైతే, పిల్లలు గది దాటకుండా ఉంటారని మా వార్డెనమ్మే దాన్ని పెంచి పోషించింది. నేనూ మా మేనమామ కూతురూ ఆరో తరగతిలో ఒకే ట్రంకుపెట్టెతో అక్కడ చేరాం. నాకు వదిన వరస. జడ వేస్తానని కూర్చోబెట్టి, సగం అల్లి, నవ్వుకుంటూ పారిపోయే రకం.

ఎనిమిదిలో ఉండగా, చుట్టుపక్కల కళ్ళాల్లో వేరుశనగకాయలు తూర్పారబట్టి దుమ్ము లేచే రోజుల్లో, ఒకనాటి పొద్దున ప్రార్థనలో వదిన ఉన్నట్టుండి కూలబడింది. గొంతు పట్టుకుని, ఎగశ్వాస పీలుస్తూ, "గాలి... గాలి..." అంది. ఊపిరాడక గాలి అడిగింది, అంతే. వార్డెనమ్మ మాత్రం "చూసినారా, దాని నోటితో అదే చెప్తాంది, గాలి సోకిందని!" అని కేక పెట్టింది. ఆ మాట తర్వాత ఇంకెవరు వింటారు? మిగతా పిల్లలకు అంటకూడదని వదినను సామాన్ల గదిలో పడేసి, కిటికీలు బిగించి, ఎండుమిరపకాయల పొగ వేశారు. ఊపిరికి అల్లాడే పిల్లకు మిరపకాయల పొగ! అది ఆ గాలి కాదమ్మా, ఊపిరి గాలి అని తలుపు బాదుతూ గొంతు చించుకున్నాను. నాకూ సోకిందని చెంప పగలగొట్టింది. వాళ్ళు తలుపు తీసేసరికి వదిన ప్రాణం పోయింది.

మా మామకు దయ్యం మింగిందని చెప్పి పంపారు. ఆయన నమ్మాడు, వార్డెనమ్మకు దండం కూడా పెట్టాడు. అది చాలనట్టు, మరుసటేడు కొత్తగా చేరిన పిల్లలకు వార్డెనమ్మ చెప్పిన కథలో దయ్యం ఎవరనుకున్నారు? మా వదినే! సామాన్ల గది ముందు నడుస్తూ ఆ చిన్నపిల్లలు మా వదిన పేరు తలుచుకుని కెవ్వుమని అరుస్తుంటే, ఆవిడ వరండాలో తమలపాకులు నములుతూ ముసిముసిగా నవ్వేది. ఆ నోరు పడిపోను, ఇప్పటికీ నాకు తిట్లే వస్తాయి.

తర్వాత చాలా ఏళ్ళకు, బహ్లాలో నేను ఇంటిపనికి కుదిరిన అరబ్బుల ఇంట్లో, చిన్న పిల్లవాడికి అచ్చం అలాగే ఎగశ్వాస వచ్చింది. తల్లి కంగారైనా పడకుండా ఒక చిన్న పంపు వాడి నోట్లో పెట్టి నొక్కింది. కాసేపటికి వాడు బంతి తీసుకుని ఖర్జూరపు చెట్ల కిందికి పరుగెత్తాడు. నేను వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఇదంతా చెప్పాక మా పిల్ల ఫోను పక్కన పెట్టేసింది. ఇప్పటి పిల్లలు నయం, ఉబ్బసాన్ని ఉబ్బసమనే అంటారు, దయ్యాన్ని కాలక్షేపానికి వాడుకుంటారు. ఆ సినిమాలో దయ్యం ఊరికే రాదట, తనను చంపినవాళ్ళను వెతుక్కుంటూ వస్తుందట. అది వినగానే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. పది పూర్తయ్యేదాకా రోజూ ఆ సామాన్ల గది దగ్గర నిలబడి, రా వదినా, వచ్చి దాని గొంతు పిసుకు అని పిలిచినదాన్ని నేను. వార్డెనమ్మ నిద్రకు ఏ ఢోకా రాలేదు. పోనీ, సగంలో వదిలేసిన జడ అల్లడానికైనా, నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు.