క్రన్ కొండ మీద దొరికిన డాలు

క్రన్ కొండ కింది ఊళ్లో మొదటి ప్రపంచ యుద్ధం ఇంటింటి అల్మరాలోనూ ఉంది. ఒకరింట్లో ఇనప టోపీ, ఇంకొకరింట్లో తుప్పుపట్టిన ఫిరంగి గుండు. చీజ్ తయారుచేసే విన్కో ఇంట్లో మాత్రం ఏమీ లేదు. వాళ్ల తాత దొరికిన ఇనుమునంతా పాతసామాన్లవాడికి అమ్మేశాడు. "మా వంశం చరిత్రని తూకానికి వేసింది" అని విన్కో నవ్వుతూనే అనేవాడు గాని, ఆ వెలితి లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

ఒక్క వస్తువైనా తన చేత్తో ఏరి తెచ్చి, పక్కింటి జోఫ్కా ముందుగదిలో నడిపే చిన్న మ్యూజియంలో తన పేరుతో పెట్టించాలని అతని కోరిక. అందుకే వేసవి మేత ముగిసి ఆవుల్ని కొండ దింపేశాక, ఒక ఉదయం పైకి బయలుదేరాడు. మలుపు మలుపుకీ మోకాళ్లు లొంగిపోదామన్నాయి. "ఇక్కడ సైన్యాలు ఏళ్ల తరబడి నిలబడ్డాయి, మీరు మధ్యాహ్నం దాకా నిలబడలేరా" అని వాటిని తిట్టుకుంటూ ఎక్కాడు.

యుద్ధంనాటి కందకాల కింది వాలులో, రాళ్ల మధ్య దొరికింది. గుండ్రటి ఇనప రేకు, అంచున ఒక చిల్లు. కందకంలో సైనికుడు తూటాలకి అడ్డం పెట్టుకున్న డాలే అనుకున్నాడు. చిల్లు తూటాదే అనుకున్నాడు. ఊరు చేరేసరికి ఆ డాలు వెనక ఒక కుర్ర సైనికుడూ, అతని కోసం ఎదురుచూసే తల్లీ కూడా తయారయ్యారు.

జోఫ్కా కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని తిప్పి చూసింది.

"ఇది మీ అమ్మ పాల కాగు మూతరా."

"తూటా చిల్లు చూడవే."

"తాడు కట్టి తగిలించడానికి మీ అమ్మే కమ్మరి చేత కొట్టించింది. చిన్నప్పుడు ఆ కొండ మీదే దీనిపై కూచుని మంచులో జారాం కదా. నువ్వు ముందు, నేను వెనక. బండకి కొట్టుకుని మనం చెరోపక్కా పడ్డాం, ఇది ఎటో పోయింది."

విన్కో ఆ చిల్లు అంచుని వేలితో తడిమి చూశాడు. "ఏడ్చింది నేనేనా?"

"ఊరంతా వినపడేలా."

"అసలు లేని సైనికుడికి దారంతా సంతాపం పాటిస్తూ వచ్చానే. ఆ పుణ్యానికైనా అల్మరాలో పెట్టు."

"యుద్ధానిది కానిది పెట్టను. మా అన్న తెచ్చినవే వెనక్కి పంపేశాను."

అతను మూత కోసం చెయ్యి చాచాడు. జోఫ్కా ఇవ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి, పొయ్యి పక్కనున్న మేకుకి ఆ చిల్లుతోనే తగిలించింది.

"ఇక్కడికి చూడ్డానికి ఎవరొస్తారే?" అన్నాడు విన్కో గుమ్మంలోంచి.

"ఎవరూ రారు. నువ్వు రా, పులుసు చల్లారిపోతోంది."