ప్రశ్న మీద గులకరాయి

మా ఊరి బడి టీచరమ్మ భద్రాచలం దవాఖానాలో పోయింది. ఫోన్ వచ్చేసరికి నా మనవరాలు ఆదివారం జరగబోయే గురుకులం సీటు పరీక్షకు చదువుతోంది. సంగతి చెప్పాను. అది ఏడవలేదు, పుస్తకం మూయలేదు.

టీచరమ్మ పరీక్ష ప్రశ్నలు తనే రాసేది. తునికాకు కట్టలు, ఇప్పపువ్వు తూకం, గోదారి మీద పడవ. తెలియని ప్రశ్న మీద పిల్లలు గులకరాయి పెట్టాలి. ఆమె వచ్చి రాయి తీసి, "ఏడ ఆగినవ్ బిడ్డా?" అని అడిగేది. అక్కణ్ణించి చెప్పేది.

నిరుడు రాష్ట్రమంతటికీ ఒకటే అచ్చు పేపరు వచ్చింది. కాపలాకు వేరే ఊరి సారు వచ్చాడు. మొదటి ప్రశ్న లిఫ్టు గురించి. మనవరాలు లిఫ్టు ఎన్నడూ చూడలేదు. ప్రశ్న మీద రాయి పెట్టి, సారు వస్తాడని గంట కొట్టేదాకా కూర్చుంది. ఆయన రాయి కిటికీలోంచి పారేసి పేపరు తీసుకున్నాడు. సున్నా. చిన్న తరగతి పిల్లలతో కూర్చోబెట్టమని పైనుంచి కాగితం వచ్చింది.

నేను బడికి పోయి నిలదీశాను.

"నీ పరీక్షల అన్నీ రాసే పిల్ల. గాళ్ల కాగితం చించెయ్, టీచరమ్మా."

"చించను, పెద్దాయనా."

"ఏంది, భయమా?"

"నా పరీక్షతోని పిల్ల ఏడ ఆగిందో నాకు ఎరుకైతది. ఏడనో కల్లూరు బడి పిల్ల పక్కన నిలబెడితే మన పిల్ల ఎంత ఉంటదో ఎట్ల ఎరుక? నా పిల్లల్ని నేనే మెచ్చుకుంటే గురుకులంల సీటిస్తరా?"

"మరి లిఫ్టు?"

"అది వాళ్ల తప్పు. రాయి నా తప్పు. పక్కకు ఎవలూ రాని పరీక్ష గూడ ఉంటదని నేను చెప్పలే."

ఆ మాట నేను ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను. మిగతా సగం చదువుకున్న మీరు తేల్చుకోండి.

పిల్లను మాత్రం ఆమె కింది తరగతికి పంపలేదు. అప్పటినుంచి రెండు పరీక్షలూ పెట్టింది. రాళ్లతో ఒకటి. రాళ్లు లేకుండా, తను గుమ్మం బయట నిలబడి, ఇంకొకటి. "రానిది దాటిపో. మళ్ల వెనక్కి రా," అనేది. అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. బయటి నుంచి ఆమె దగ్గు వినబడితే, టీచరమ్మ ఉందిలే అని లోపల పిల్లలు రాసుకునేవారు.

ఆదివారం భద్రాచలంలో పరీక్ష గేటు దగ్గర మనవరాలు పిడికిలి విప్పి గులకరాళ్లు నా చేతిలో పోసింది.

"లోపల ఎవలూ రారు కదా, తాతా?"

"రారు."

"అవ్," అని వెళ్లిపోయింది. గేటు మూశారు. రాళ్లు దాని చెమటతో తడిగా ఉన్నాయి. అది ఏ గదిలో కూర్చుందో నాకు తెలియదు. గోడ పక్కన నిలబడి ఒకసారి గట్టిగా దగ్గాను.