బొట్టు కింద ఎండ

పరిశోధన మొదలుపెట్టడానికి ఇచ్చే తొలి విడత డబ్బును విత్తన నిధి అంటారు. విశ్వవిద్యాలయం ఒక్కటే అడిగితే ఇవ్వరు. కార్ఖానా ఒక్కటే అడిగినా ఇవ్వరు. ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి. చదువుకున్నవాడు కార్ఖానా మసిలోకి దిగాలి, కార్ఖానావాడు చదువుకున్నవాడి లెక్కను నమ్మాలి. విజ్ఞానం బీరువాల్లో కాదు, బతుకులో ఉండాలని ఏళ్ళ తరబడి వేదికలెక్కి అరిచినవాణ్ణి నేను. ఈ షరతు నాకు నచ్చింది. ఆ రెండు పక్షాలనూ కలిపింది కూడా నేనే.

ఒక పక్షం నా పాత విద్యార్థిని. జమ్మలమడుగులో నేను భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో ముందు బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద వేసిన లెక్కను కూడా మళ్ళీ సొంతంగా వేసి చూసుకునేది. వేముల దగ్గరి పల్లె ఆమెది. తండ్రి లేడు. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో సౌరశక్తి మీద పరిశోధన చేస్తోంది. రెండో పక్షం నా చిన్ననాటి స్నేహితుడు. ప్రొద్దుటూరులో నూలుకు రంగులద్దే కార్ఖానా నడుపుతాడు. దేవుడు ఉన్నాడని అతనూ లేడని నేనూ చిన్నప్పటి నుంచి తగవు పడుతున్నాం, ఇద్దరమూ గెలవలేదు.

రంగు తొట్లకు వేడినీళ్ళు కావాలి. వాటికోసం అతని బాయిలరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంపకట్టెలు తింటుంది. మిద్దె మీద అద్దాల పెట్టెలు పరిచి, నీళ్ళను సగందాకా ఎండతోనే కాచి బాయిలరుకు పంపితే ఎంత కట్టె మిగులుతుంది? ఇదీ పరిశోధన. మొదటి విడత నిధితో అద్దాలు వచ్చాయి. ఆ అమ్మాయి నెలజీతం కూడా అందులోంచే. నిధి కమిటీ ఫలితం చూసి రెండో విడత ఇస్తుంది. అది రాకపోతే జీతం ఆగుతుంది, జీతం ఆగితే చదువు ఆగుతుంది. పులివెందులలో ప్రైవేటు బడి ఉద్యోగం ఒకటి సిద్ధంగా ఉందని వాళ్ళమ్మ అప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది.

ఫలితం అద్భుతంగా వచ్చింది. అదే ఆ అమ్మాయిని నిద్రపోనివ్వలేదు.

"సార్, పుస్తకాల్లో ఉండేదానికన్నా ఎక్కువ వస్తాంది," అని కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నీళ్ళకు అందిన వేడిని అద్దాల మీద పడిన ఎండతో భాగిస్తే వచ్చేదే ఆ ఫలితం. నేను ఎండ లెక్కలు చూశాను. మే నెల మధ్యాహ్నం. అంకెలు మాత్రం మబ్బు పట్టిన రోజువి.

"ఇది ప్రొద్దుటూరు ఎండనా, ఊటీ ఎండనా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఇద్దరం కార్ఖానాకు వెళ్ళాం.

ఎండను కొలిచే పరికరం అరచేతిలో పట్టేంత ఉంటుంది. పైన బోర్లించిన గాజు బుడ్డి, దాని కింద నల్లటి బిళ్ళ. నీడ పడకూడదని నీళ్ళ ట్యాంకు పక్కన పొడవాటి ఇనుపగొట్టం చివర బిగించారు. కింద నిలబడితే దాని అడుగు తప్ప పైభాగం కనపడదు. అంకెలు తీగలోంచి నేరుగా కంప్యూటరుకు చేరతాయి. వారానికోసారి నిచ్చెన వేసి గాజు తుడిచే పని ఒప్పందం ప్రకారం కార్ఖానాది.

ఆమె నిచ్చెన ఎక్కింది. గాజు మీదికి వంగింది.

"ఏముంది?" అన్నాను.

"బొట్టుంది సార్."

గాజు నడినెత్తిన పసుపు, గంధం కలిపి మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టారు. అమావాస్య మీద అమావాస్య పొరలు పేరుకుని గట్టిపడింది. దాని చుట్టూ గాజు మాత్రం తళతళలాడుతోంది. ఎంతో భక్తిగా, బొట్టుకు తగలకుండా చుట్టూ తుడిచారు. నడినెత్తి ఎండ బిళ్ళకు చేరలేదు. ఎండ తక్కువని పరికరం చెప్పింది, భాగిస్తే ఫలితం పెరిగింది.

నా స్నేహితుణ్ణి పైకి పిలిచాను.

"అమావాస్య పూజలో మోటారుకు పెడ్తాం, బాయిలరుకు పెడ్తాం, తక్కెడకు పెడ్తాం," అన్నాడతను. "అద్దాల మీద పెట్టొద్దని ఈ పాప చెప్పె, పెట్టలా. మాట తప్పినానా? మిద్దె మీది మిషనుకు ఒక్క బొట్టన్నా లేకుంటే ఎట్లప్పా? ఆ బుడ్డిది అడ్డం రాదనుకుంటి."

"అన్నిట్లోకీ అదే అడ్డమొచ్చేది," అన్నాను.

"నాకేం తెల్సు? దాన్ని దేనికి పెట్టినారో నువ్వు చెప్పినావా? వస్తావు, దేవుడు లేడని రెండు గంటలు మాట్లాడతావు, పోతావు."

ఆ అమ్మాయి తడిగుడ్డ తీసుకుని మళ్ళీ నిచ్చెన మీద కాలు పెట్టింది. అతను గబగబా వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"బొట్టు తుడవగూడదు పాపా. ఆడపిల్లవు, నీకు మంచిది కాదు. అందుకే మా వాళ్ళకు కూడా సుట్టూ తుడవమనే చెప్పినా."

ఆమె కిందికి చూసింది. "మా నాయన పోయినప్పుడు మా యమ్మకు తుడిచిరి మామా. ఆ పొద్దు మంచిది కాదని ఒక్కరన్నా అడ్డం రాలేదే."

అతను నిచ్చెన వదల్లేదు. అయితే ఈసారి ఆమె పడకుండా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తుడిచింది. వితంతువుల గురించి నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. ఒక్కటీ ఆ మిద్దె మీద విన్న మాటకు సాటిరాదు.

అక్కడి నుంచే ఆమె, విశ్వవిద్యాలయంలో తన పరిశోధనను నడిపించే ఆచార్యుడికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టడంతో నాకూ వినిపించింది.

"తుడిచేశావు కదమ్మా, ఇక్కడితో వదిలెయ్. ఇకనుంచి రీడింగులు సరిగ్గా వస్తాయి. వచ్చే వారం కమిటీ. పాతవన్నీ తీసేస్తే వాళ్ళకు చూపించడానికి మన దగ్గరేముంటుంది? నీ ఫెలోషిప్ జీతం గురించి కూడా ఆలోచించుకో."

నా స్నేహితుడు తెలియక పెట్టాడు. ఈయన తెలిసి ఉంచమంటున్నాడు. మూఢత్వాన్ని గుళ్ళలోనూ బాబాల దగ్గరా మాత్రమే వెతకడం మా హేతువాదులకు అలవాటైపోయింది. ప్రశ్నించకూడదని ఒట్టు పెట్టుకుని నెత్తిన పెట్టుకున్న అంకె కూడా విగ్రహమే. దానికి డిగ్రీలున్న పూజారులు ఉంటారు. ఆ మాట ఆమెతో అనబోయాను.

"సార్, మీరేమీ చెప్పొద్దు," అంది. "మీరు చెప్తే మీ మాటైతాది."

మరుసటి వారం కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. కార్ఖానా ఆఫీసు గదిలో, చిలపలుగా చుట్టిన నూలు కట్టల మధ్య కుర్చీలు వేశారు. ఆచార్యుడు ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె లేచి, తుడిచిన రోజుకు ముందు తీసిన కొలతలేవీ చెల్లవని మొదటి మాటగా చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. ఆచార్యుడు తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు.

ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదమ్మా?"

"తెలిసేది కాదు సార్."

"మరి?"

"ఈ లెక్క నమ్మి ఇంకో నలుగురు మిద్దెల మీద అద్దాలు పెట్టుకుంటారు సార్. ఆడ నీళ్ళు ఇంత కాగవు. అప్పుడు వాళ్ళు ఎండను తిట్టరు, సదువును తిడతారు."

వెనక నుంచి నా స్నేహితుడు లేచాడు. "తప్పు ఆ పాపది కాదు సామీ. దేవుణ్ణి మిద్దె మీదికి ఎక్కించింది నేను."

కమిటీ వాళ్ళు నవ్వారు. నవ్వినంత మాత్రాన నిబంధన మారలేదు. ఏడాది పాటు కొత్త కొలతలు పూర్తిగా వచ్చేదాకా రెండో విడత ఆపుతున్నామని వెళ్ళేముందు మర్యాదగానే చెప్పారు. ఆ నెలతో ఆమె జీతం ఆగింది. ఆమె పులివెందుల బడిలో చేరింది.

కొలతలు మాత్రం ఆగలేదు. ఆదివారం ఆదివారం బస్సులో ప్రొద్దుటూరు వచ్చి, గాజు తుడిచి, వారం అంకెలు దించుకుని వెళ్ళేది. వాన, చలి, మళ్ళీ ఎండ, ఏడాది పూర్తయింది. అసలు ఫలితం ముందటిదానికన్నా బాగా తక్కువ.

"ఇంత తక్కువ చూపిస్తే ఇంకెవడు దుడ్లిస్తాడు పాపా?" అన్నాడు నా స్నేహితుడు.

"ఇయ్యకపోనీ మామా. వచ్చింది ఇంతే."

అతను కంపకట్టెల కుప్ప వైపు చూశాడు. "ఈ మాత్రమన్నా కట్టె మిగుల్తాంది గదా. అద్దాలు ఈడనే ఉండనీ."

ఆమె ఆ అంకెనే కమిటీకి పంపింది. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. పంపిన సాయంత్రం బస్టాండులో ఆమెతో నిలబడ్డాను. ఏదైనా ఒక ధైర్యపు మాట చెప్పబోయాను, అంతలో బస్సు వచ్చింది. మర్నాడు ఎనిమిదో తరగతికి వేడి గురించి పాఠం చెప్పాలని, పిల్లలకు అర్థమయ్యే ఉదాహరణ ఒకటి వెతుక్కోవాలని అంటూ ఆమె పులివెందుల బస్సెక్కింది.