ఊరికే వచ్చిన సింగపూర్

మా వదిన ప్రేమలీల చూసిన పెద్ద ఊరు చెన్నై ఒక్కటే. అదీ ఆసుపత్రి పని మీద. మా అన్నకు కిడ్నీలో రాయి తీయించడానికి పోయి, వార్డు బయట వరండాలో చాప పరుచుకుని పడుకుని, ఆసుపత్రి గేటు దాటకుండానే తిరిగి వచ్చింది. ఊరెట్లా ఉందని అడిగితే, క్యాంటీనులో సాంబారు తియ్యగా ఉందని చెప్పింది. అంతకు మించి చెప్పడానికి ఆమె ఏమీ చూడలేదు.

నా పేరు ఫేబీ. వాకాడు నుంచి సముద్రం వైపు పోయే దారిలో మా పల్లె. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నా నోరు మంచిది కాదని మా చర్చిలో అందరూ అంటారు. నిజమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మంచి నోరున్నవాళ్ళు ఇలాంటివి చెప్పుకోరు. అందుకని నేనే చెబుతున్నాను.

పెళ్ళయిన కొత్తలో వదిన రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోయేది. తెల్లవారక ముందే వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకునేది. రోజంతా నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, రొయ్య తల గిల్లి పక్కన పడెయ్యడం, ఒళ్ళు పెట్టెలో పేర్చడం. ఆ పెట్టెలు ఓడలెక్కి దేశాలు పోయేవి. సాయంత్రం పాచిపోయిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ, "రొయ్యకు పాస్‌పోర్టు అక్కర్లేదు మే, మనకే కావాల" అనేది నాతో. తర్వాత మా అన్న, ఆయన పేరు సమాధానం, రెండు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని సొంతంగా రొయ్య వేశాడు. వదిన కంపెనీ పని మానేసి గుంట గట్టు ఎక్కింది. కౌలు రైతు పెళ్ళాన్ని రైతు అని ఎవరూ అనరు. కానీ మేత మొయ్యడం, నీళ్ళు చూడడం, కరెంటు పోయి నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగితే జనరేటర్ దగ్గరికి పరుగెత్తడం ఇద్దరికీ సమానమే.

మాకు మేత అమ్మే డీలరు కిషోర్ బాబు. వాకాడులో షాపు. ఊరక రారు మహానుభావులు అన్నట్టు, ఆయన బండి దిగి గట్టు మీదికి వచ్చాడంటే ఏదో స్కీము వచ్చినట్టే. ఆ ఏడు రైతులందర్నీ పిలిచి బిర్యానీ పెట్టి, టోపీలు పంచి, చెప్పాడు. ఈ సంవత్సరంలో మేత కంపెనీ చెప్పినన్ని టన్నుల మేత వాడిన రైతుకు సింగపూర్ ప్రయాణం. మనిషి ఒక్కడికి కాదు, ఇద్దరికి. విమానం, హోటలు, తిండి అంతా కంపెనీదే. మీరు చెయ్యాల్సిందేమీ లేదు, ఎటూ రొయ్యకు మేత వేస్తారు కదా, సింగపూర్ ఊరికే వస్తుంది అన్నాడు. ఆ 'ఊరికే' అన్న మాటను ఆయన ఆ రోజు ఎన్నిసార్లు అన్నాడో, బిర్యానీలో ముక్కలు అన్ని లేవు.

లెక్క ఎట్లాగంటే, ప్రతి మేత సంచి లోపల ఒక కూపను ఉంటుంది. సంచి విప్పితేనే అది చేతికి వస్తుంది, డీలరుకు ఇస్తే టన్నుల లెక్కలో పడుతుంది. విప్పిన సంచి మా ఉప్పుగాలికి రెండు రోజులు కూడా నిలవదు, మేతకు బూజు పడుతుంది. కాబట్టి కొని అటక మీద దాచుకుందామంటే కుదరదు. విప్పింది విప్పినట్టు గుంటలో పడాల్సిందే. ఈ ఉపాయం కనిపెట్టినవాడు ఏ పెద్ద చదువు చదివాడో తెలియదు కానీ, ఎర వెయ్యడం మాత్రం బాగా తెలిసినవాడు.

అంతకు ముందు ఏడాది మా వైపు రైతులు కొందరు ఇలాగే పోయి వచ్చారు. పెళ్ళాలకని వచ్చిన టికెట్ల మీద బావమరుదులు పోయారు. అందరూ ఒకే రంగు కంపెనీ చొక్కాలు తొడుక్కుని, నోట్లోంచి నీళ్ళు కక్కే సింహం బొమ్మ ముందు నిలబడి ఫోటో దిగారు. ఆ ఫోటోను వదిన నా ఫోన్లో అటూ ఇటూ జరిపి చూసి, ఇంతమందిలో ఒక్క ఆడమనిషి కూడా లేదే అంది. పక్కనే అన్నం తింటున్న అన్న తలెత్తకుండానే, ఈసారి మనకు వస్తే మనిద్దరమే పోతాము, టికెట్ ఎవరికీ ఇచ్చేది లేదు అన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళు అన్నం పెట్టమని అడగడమే గానీ మాట ఇవ్వడం తక్కువ. అందుకే వదిన ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

మొదటి పంట బాగా వచ్చింది. కూపన్లు సగానికి పైగా చేరాయి. ఇంక అప్పటి నుంచి ఇంట్లో సింగపూర్ తప్ప వేరే మాట లేదు. నెల్లూరు పోయి పాస్‌పోర్టుకు పెట్టుకుని వచ్చారు. విచారణకు వచ్చిన కానిస్టేబులు ఏం పని మీద పోతున్నారమ్మా అని అడిగితే, వదిన చూడ్డానికి అని చెప్పింది. ఆయన ఎవరిని చూడ్డానికి అని మళ్ళీ అడిగాడు. ఊరిని అంది. ఆయన ఆమె కాళ్ళ బురద వైపు ఒకసారి చూసి సంతకం పెట్టించుకుని పోయాడు.

మధ్యాహ్నం మేత వేశాక ఎండ తగ్గేదాకా వదిన నా మిషను పక్కన చేరేది. ఫోన్లో సింగపూర్ పోయి వచ్చినవాళ్ళ వీడియోలు పెట్టుకుని ఒకటొకటి చూసేది. ఇనుముతో చేసిన మానులకు సాయంత్రం దీపాలు వెలిగే తోట, ఎండాకాలంలో కూడా లోపల చలేసే అద్దాల మేడ, నేల కింద పోయే రైలు, మూడు మేడల నెత్తిన ఓడ పెట్టినట్టు కట్టిన హోటలు, అన్నీ ఆమెకు వచ్చేశాయి. మొదటి సాయంత్రం తోట, మర్నాడు సింహం బొమ్మ, ఆ పక్కనే నది మీద పడవ అని చెబుతూ ఉంటే, జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు కూడా కూర్చుని వినేవాళ్ళు. తెలుగువాళ్ళకు ఇడ్లీ దొరికే వీధి ఒకటి ఉందని ఒకామె అంటే, అంత దూరం పోయి ఇడ్లీ తినేదానికి ఇక్కడే ఉండొచ్చు కదా అంది వదిన.

కంపెనీ వాళ్ళ ప్లానులో ఒక పూటంతా షాపింగు. వదినకు అది నచ్చలేదు. కొనేదేముంది, ఆ పూట రెండంతస్తుల బస్సు ఎక్కి, పైన ముందు సీట్లో కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతే ఊరంతా కనపడుతుంది అని ఆమె ఆలోచన. కిషోర్ బాబుకు ఫోన్ చేసి అడిగింది. గ్రూపు ఎక్కడికి పోతే అక్కడికే పోవాలమ్మా అన్నాడాయన. అయితే అందరూ లేచేలోపల పోయి వస్తాము, మేత వేళకు లేచే ప్రాణాలు మావి అని ఫోన్ పెట్టేసింది. ఆ రోజు ఆమె గొంతులో ఉన్న హుషారు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. నాకు సంతోషం వేసింది, కొంచెం భయం కూడా వేసింది.

భయం ఎందుకంటే, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కూపన్లు పూర్తి కాకముందే ఆమె స్త్రీల కూడికలో ప్రార్థన అంశంగా చెప్పేసింది. మా చర్చిలో ఒకసారి ప్రార్థనకు పెట్టిన విషయం ఇంక మన చేతిలో ఉండదు. ఆదివారం మా పాస్టరు బెన్హర్ అయ్యగారు మైకులో మా సహోదరి ప్రయాణాన్ని సఫలం చెయ్యి తండ్రీ అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక ఒకామె తలనొప్పి తైలం సీసా తెమ్మంది, ఇంకొకామె చాక్లెట్లు తెమ్మంది. కార్యం జరిగితే, దేవుడే చేశాడని అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. జరగకపోతే ప్రతి ఆదివారం ముఖం చూపించాలి. వదిన ఈ రెండింటి మధ్యా తనే పోయి ఇరుక్కుంది.

రెండో పంట సగంలో ఉండగా మబ్బు పట్టింది. వాన పూర్తిగా పడదు, ఎండ రాదు. అలాంటి రోజుల్లో రొయ్య సరిగా తినదు. అది తిన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి గుంటలో ట్రేలు ఉంటాయి. మేత చల్లినప్పుడు ట్రేలో కూడా కొంచెం వేసి నీళ్ళలోకి దించుతారు. కాసేపయ్యాక పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే రొయ్య తిన్నట్టు. మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించాలి. మా అన్న గుంటలో తెప్ప మీద తిరిగి మేత చల్లేవాడు. ట్రేలు లాగి చూసేది వదిన. గట్టు మీద నుంచి ఖాళీ అని కేక వేసేది. ఆ కేక విని అన్న మళ్ళీ అంతే చల్లేవాడు. పక్క గుంటల వాళ్ళంతా మేత తగ్గించుకున్నా మా గుంటల్లో తగ్గలేదు. ప్రేమలీల చెయ్యి మంచిది, ఈ మబ్బులో కూడా రొయ్య ఎట్లా తింటుందో చూడమని జనం అన్నారు. కూపన్లు నిండుతూ వచ్చాయి.

నేను ఆమెకు పంజాబీ డ్రెస్సు గుడ్డ కత్తిరించిన వారంలోనే నీళ్ళు రంగు మారాయి. గట్టు మీద నిలబడితే కుళ్ళిన గుడ్ల వాసన. ఒక తెల్లవారుజామున రొయ్యంతా అడుగు వదిలిపెట్టి నీటి అంచుకు వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ల్యాబు అతను వచ్చి అడుగు మట్టి తీసి చూపించాడు. నల్లగా తారులా ఉంది. తినని మేత అడుగున చేరి కుళ్ళి విషమైందన్నాడు. బతికినదాన్ని చిన్న సైజులోనే పట్టించి, వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చేశారు. చచ్చినదాన్ని గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చారు. వదిన తట్టలతో మోసింది. నేను కూడా పోయి మోశాను. గొయ్యి పూడ్చాక ఆమె కడిగిన ట్రేలనే మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చుంది. పంట పోయిన బాధ అనుకున్నాను.

నెల తిరగకుండానే కౌలు పోయింది. గుంటల యజమాని వేరే మనిషికి ఇచ్చుకున్నాడు. వచ్చే పంటకు ఆ గుంటల మీదే జీతానికి కాపలా ఉండమని మా అన్నను అడిగారు. అన్న సరేనన్నాడు. వదిన మళ్ళీ రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కుతానని మాట్లాడుకుని వచ్చింది.

అప్పుడు ఫోన్ చేశాడు కిషోర్ బాబు. మీ టార్గెట్ పూర్తయింది అన్నా, కంగ్రాచ్యులేషన్స్ అని. కంపెనీకి కూపన్లతోనే పని. మేత రొయ్య తిన్నదా, రొయ్యనే మేత తిన్నదా వాళ్ళకు అక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా. గుంట మునిగినా షికారు మానలేదని చర్చి మెట్ల మీదే అన్నారు. అయ్యగారు మాత్రం మన ప్రార్థనకు జవాబు వచ్చింది, సహోదరి లేచి సాక్ష్యం చెబుతుంది అన్నారు. వదిన లేవలేదు. తల మీద కొంగు ఇంకా ముందుకు లాక్కుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఆమెను ఆ పూట ఎవరి కళ్ళలోనూ పడకుండా వెనక తలుపు నుంచి నేనే ఇంటికి తీసుకొచ్చాను.

ప్రయాణం దగ్గర పడ్డాక, డ్రెస్సు సరిపోయిందో లేదో చూద్దామని వాళ్ళింటికి పోయాను. మంచం మీద కంపెనీ చొక్కాలు రెండు, టికెట్ కాగితాలు పెట్టి ఉన్నాయి. డీలరు అప్పుడే ఇచ్చి పోయాడట. అన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. వదిన డ్రెస్సు తొడుక్కుని నిలబడింది. చేతులు వదులైతే, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక్కొక్కటే గుచ్చుతున్నాను. ఉన్నట్టుండి ఆమె నా తల మీదుగా అన్నతో మాట్లాడింది.

"నేను రానయ్యా. ట్రేలో మేత మిగులుతానే ఉండె. నేనే గుంటలోకి విదిలించేసి ఖాళీ అని చెప్పినా. తగ్గిస్తే కూపన్లు చాలవని."

మా అన్న కోపం నాకు తెలుసు. లేచి చెయ్యి చేసుకుంటాడనుకుని వదినకు అడ్డం జరిగాను. అతను లేవలేదు. గడప చెక్కను గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "నువ్వు కూడికకు పోయిన రోజు నేనే లాగి చూసినా. ఏసింది ఏసినట్టే ఉండాది."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?" అంది వదిన.

"ఊరుకోలా. ఆ పూట నుంచి ఇంకో బకెట్ ఎక్కువ చల్లినా, నువ్వు చూడకుండా. కూపన్లు తొందరగా పూర్తయితే మేత ఆపెయ్యొచ్చులే అనుకున్నా. ఈ ఏడు తప్పితే నువ్వు ఇంక నోరు తెరిచి అడగవు. అది కూడా నాకు తెలుసు."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి కోసం ఒకరు, ఇద్దరూ చెరో వైపు నుంచి ఆ గుంటను చంపారు. ఒక్క పూట కూర్చుని మాట్లాడుకుని ఉంటే రొయ్య బతికేది, కౌలు నిలిచేది. ఎవరిని తిట్టాలి? వీళ్ళనా, సంచిలో కూపను పెట్టినవాణ్ణా? నోటి నిండా సూదులు. నా నోరు పనికిరాకుండా పోయింది ఆ ఒక్కసారే.

వదిన మంచం పట్టె మీద కూర్చుంది. టికెట్ కాగితాలు తీసి చూసింది. తన పేరు ఉన్న చోట బొటనవేలితో రుద్దింది. ఏడుస్తుందని ఎదురు చూశాను. ఏడవలేదు. కాగితాలు మడిచి అన్న ఒడిలో పెట్టింది.

"సరే, పోదాం" అంది. "పోయి చూసొద్దాం. ఇది ఊరికే వచ్చిందని మాత్రం ఎవురినీ అననియ్యొద్దు. ఇంత ఖరీదు పెట్టి సింగపూర్ పోయినోళ్ళు మన మండలంలో ఇంకెవురూ లేరు."