పిన్ని విప్పిన పురి

నా చిన్నప్పుడు ఉప్పుటేటి మీద గాలం లాగేవాళ్ల పనితనాన్ని మా ఊళ్లో చేపను చూసి చెప్పేవారు కాదు, దారాన్ని చూసి చెప్పేవారు. చేప పడడం అదృష్టం, దారం చెడకుండా ఇంటికి తేవడం చేతిపని అనేవారు. దోనె వెనక పొడుగ్గా దారం వదిలి, చివర మెరిసే ఇత్తడి రేకు ఒకటి, దానికో గాలం కట్టి తెడ్డు వేసుకుంటూ పోతే, ఆ రేకును చిన్న చేప అనుకుని పండుగప్ప వచ్చి పట్టేది. రేకు నీళ్లలో గిరగిరా తిరుగుతుంది కదా, దాంతోపాటు దారమూ తిరిగి పురి ఎక్కుతుంది. పురి ఎక్కిన దారం కాస్త వదులైతే చాలు, తనను తానే చుట్టుకుని ముడులు పడిపోతుంది. అలా కాకుండా రేకుకీ దారానికీ మధ్య చిన్న తిరుగుడు కడియం కడతారు. రేకు ఎంత తిరిగినా ఆ పురి కడియం దగ్గరే ఆగిపోతుంది, దారం తిన్నగా ఉంటుంది.

మా చిన్నాన్న కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. పిన్నికి మిగిలిందల్లా ఆయన దోనె ఒక్కటే. మా వైపు ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, వలలు బాగుచేస్తారు, మావులనే వెదురు బుట్టలు పెట్టి రొయ్యలు పడతారు గానీ దోనె వేసుకుని గాలం లాగరు. అందుకని దోనె అన్నగారికే, అంటే మా నాన్నకే, రావాలని ఊళ్లో అందరూ అనుకున్నారు. పిన్ని మాత్రం ఆ దోనె ఉంటే ఎవరి చెయ్యీ చూడకుండా బతుకుతానంది. చిన్నాన్న బతికుండగా ఆమెను వెంటబెట్టుకుపోయి పని నేర్పిన మాట నిజమే. పెళ్లాన్ని ఏటి మీద తిప్పుతున్నాడని అప్పట్లో నవ్వారు కూడా.

పెద్దలు కూర్చుని ఒక మాట చెప్పారు. పొద్దున వెళ్లి గాలం లాగి, ఎండ నడినెత్తికి వచ్చేలోగా దారం పురి లేకుండా చుట్టుకుని వస్తే దోనె ఆమెదే. ఇంటివాళ్లు ఒకరు తోడుండాలని నన్ను ఎక్కించారు.

చిన్నాన్న పోయాక గాలం సరంజామా అంతా మా ఇంట్లోనే ఉండేది. ఆ పొద్దున మా నాన్న అరుగు మీద కూర్చుని, దారానికి ఉన్న కడియాన్ని కత్తితో కోసి తీసి, రేకును నేరుగా దారానికే కట్టడం నేను చూశాను. బాగుచేస్తున్నాడనుకున్నాను. నాన్న చేసే పని మీద అనుమానం పుట్టే వయసు కాదు నాది.

దోనె కదిలి కాస్త దూరం పోగానే పిన్ని దారాన్ని వేళ్లతో తడిమి చూసింది. నేను పొద్దున చూసింది చెప్పాను. ఆమె మొహంలో కోపం ఏమీ కనబడలేదు. కడియం లేదని రేవులో దారం అందుకున్నప్పుడే చూశానంది. మరి అప్పుడే అడగలేదేమని అంటే, అడిగితే చేతకాక వంకలు పెడుతోందంటారమ్మా అంది.

అనుకున్నట్టే కాసేపటికి దారం పురి ఎక్కింది. దోనె కాస్త నెమ్మదిస్తే చాలు, చుట్టలు చుట్టుకుంటోంది. నేను విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పురిని వేళ్లతో విప్పితే ఇక్కడ పోయి అక్కడికి చేరుతుందట. దారం దగ్గరికి లాగి, రేకును కోసి కొంగున కట్టుకుంది. ఉత్త దారాన్ని, చివర ఏమీ లేకుండా, మళ్లీ మొత్తం నీళ్లలోకి వదిలింది. తొందరపడకుండా తెడ్డు వేస్తూ లాకుల వైపు చాలా దూరం పోయింది. నీళ్ల లాగుడుకి చివర దానంతటదే తిరిగి పురి మొత్తం వదిలేసింది. తర్వాత తడి గుడ్డలోంచి లాగుతూ, బిగువు సడలకుండా, దారం చుట్టే కర్రను తిప్పుకుంటూ చుట్టింది. అంత చక్కగా చుట్టిన దారాన్ని నేను మళ్లీ చూడలేదు. వెనక్కి వస్తుంటే ఆమె ఏదో కూనిరాగం తీసింది. చిన్నాన్న పోయాక ఆమె గొంతులో పాట వినడం అదే మొదలు. దోనె ఆమెకే వస్తుందని నేనూ నమ్మాను.

రేవులో కాచుకున్న పెద్దల్లో పెద్దాయన ఒకాయన దారం కొంత విప్పి, రెండు చేతుల మధ్య పట్టుకుని చేతులు దగ్గరికి తెచ్చాడు. పురి ఉంటే రెండు పోగులూ ఒకదాన్నొకటి చుట్టుకోవాలి. చుట్టుకోలేదు, ఉయ్యాలలా వేలాడింది. బాగుందమ్మా అన్నాడు. అప్పుడు మా నాన్న రేకు ఏదని అడిగాడు. పిన్ని కొంగు విప్పి చూపించింది. రేకు కోసేసిన దారానికి పురి ఎందుకెక్కుతుంది, ఇదేం పరీక్ష అన్నాడు నాన్న. నిజానికి పురి ఎక్కితే అక్కడున్న ప్రతి మగవాడూ చేసే పని అదే. ఒక్కడూ నోరు విప్పలేదు.

నేను చెప్పాను. నాన్న పొద్దున కడియం కోసేశాడని అందరికీ వినపడేలా చెప్పాను. అందరూ విన్నారు కూడా. పెద్దాయన నా తల నిమిరి, “ఆడపిల్లవి, ఇంట్లో సంగతులు బయట మాట్లాడకూడదు తల్లీ” అన్నాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి ఇంకా మెత్తగా, “మీరేం దిగులు పెట్టుకోకండమ్మా. మీ బావగారున్నారు, మిమ్మల్ని చూసుకుంటారండి” అన్నాడు. మా వైపు మాట మర్యాద అలాంటిది, గొంతు కోసేటప్పుడు కూడా అండీ అనే అంటారు.

పిన్ని రేకును మా నాన్న చేతిలో పెట్టి, “దారం జాగ్రత్తండి బావగారూ, ఆయనకి చాలా ఇష్టం” అంది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? కొన్నాళ్లకు ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆకివీడులో రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి కుదిరిందని, ఐసు నీళ్లకు వేళ్లు పుళ్లు పడ్డాయని తర్వాతెప్పుడో విన్నాం. ఆ దోనె మీద తెచ్చిన చేపల కూరతోనే నేను పెరిగాను. మా నాన్న నన్ను ప్రేమగానే పెంచాడు, అది కాదనను. ఆయన పోయినప్పుడు ఏడ్చాను కూడా. కానీ ఆయన్ని క్షమించలేదు.

పిన్ని ఆ రోజు చెయ్యాల్సిందంతా తప్పులేకుండా చేసింది. దోనె ఎవరికని వాళ్లు ముందే అనుకుని వచ్చారు, ఆమె చేతిపని చూడడానికి కాదు. ఆ మాట తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టలేదు, రేవులోంచి ఇంటికి నడిచేలోపే తెలిసింది. తర్వాత అత్తవారింట్లోనూ, కైకలూరులో చేపల మేత కొట్టు నడిపినన్నాళ్లూ, ముందు నీకు చేతనవుతుందో లేదో చూపించు, చూసి పెత్తనమో అప్పో ఇస్తామన్నవాళ్లు చాలామంది తగిలారు. ఎవరికీ ఏదీ చూపించలేదు. ముందు నా చేతికివ్వండి, తర్వాత చూద్దురుగాని అన్నాను. మొండిదని పేరొచ్చింది, కొన్ని రాకుండానూ పోయాయి. పోతే పోయాయి, నా పని చూపించి పోగొట్టుకున్నది మాత్రం ఒక్కటీ లేదు.